"ఇచ్చి చూద్దాం" అనే సూది: పిరిఫార్మిస్ సిండ్రోమ్‌లో అల్ట్రాసౌండ్ ఇంజెక్షన్ ఎంతవరకు పరీక్ష, ఎంతవరకు చికిత్స?

పిరుదులో మొదలై తొడ వెనక నుంచి పిక్క దాకా పాకే నొప్పితో నెలల తరబడి బాధపడుతున్న మనిషికి నడుము ఎమ్మారైలో చెప్పుకోదగ్గ దోషమేదీ కనిపించనప్పుడు, వైద్యుల నోట తరచుగా వినిపించే పేర్లలో పిరిఫార్మిస్ సిండ్రోమ్ ఒకటి. దాని వెంటే ఒక సూచన కూడా వస్తుంది: అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ ఆ కండరంలోకి ఒక ఇంజెక్షన్ ఇచ్చి చూద్దామని. ఈ "ఇచ్చి చూద్దాం" అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ఇవ్వడం చికిత్స, చూడడం పరీక్ష. రెండూ ఒకే సూదితో జరుగుతున్నప్పుడు, నొప్పి తగ్గితే అది జబ్బును గుర్తించినట్టా, జబ్బును నయం చేసినట్టా, లేక రెండూ కాదా అన్న ప్రశ్నకు రోగికే కాదు, ఒక్కోసారి సూది వేసినవారికి కూడా సూటిగా జవాబు దొరకదు. ఈ చిక్కు విడిపోవాలంటే ముందు ఆ కండరం ఎక్కడుందో, దాని పక్కన ఏముందో తెలియాలి.

బేరిపండు ఆకారపు కండరం, దాని అడుగు నుంచి దిగే నరం

వెన్నెముక చివర, రెండు కటి ఎముకల మధ్య ముక్కోణంగా కుదురుకున్న ఎముకను త్రికాస్థి అంటారు. దాని లోపలి ముఖం మీద పుట్టి, కటి ఎముక వెనకవైపు ఉన్న పెద్ద సందు గుండా బయటికి వచ్చి, అడ్డంగా సాగి, తొడ ఎముక పైకొసన బయటివైపు చేతికి తగిలే గుబ్బకు అతుక్కునే కండరమే పిరిఫార్మిస్. లాటిన్ భాషలో పిరుమ్ అంటే బేరిపండు. త్రికాస్థి దగ్గర వెడల్పుగా ఉండి తొడ వైపు పోనుపోను సన్నబడే రూపాన్ని బట్టి దానికి ఆ పేరు వచ్చింది. నిలబడి ఉన్నప్పుడు కాలిని బయటివైపుకు తిప్పడం, తొడను మడిచి ఉన్నప్పుడు దాన్ని పక్కకు జరపడం దీని పని. పిరుదుకు ఆకారాన్నిచ్చే గ్లూటియస్ మాక్సిమస్ అనే దళసరి కండరం దీన్ని కప్పి ఉంచుతుంది కాబట్టి, వేలితో నొక్కినప్పుడు తగిలేది ముందు ఆ పై కండరమే. చిన్న వివరంగా కనిపించే ఈ సంగతి ఈ వ్యాసంలో మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

నడుములోని చివరి రెండు స్థాయిల నుంచీ త్రికాస్థిలోని మొదటి మూడు స్థాయిల నుంచీ వచ్చే నరాల మూలాలు కలిసి సయాటిక్ నరం ఏర్పడుతుంది. మన శరీరంలో అన్నిటికన్నా లావైన నరం ఇదే. ఎక్కువమందిలో ఇది ఒకే తాడులా పిరిఫార్మిస్ కింది అంచు నుంచి బయటపడి తొడ వెనక భాగంలోకి దిగుతుంది. కొందరిలో మాత్రం పైనే రెండు పాయలుగా చీలి, ఒక పాయ కండరాన్ని చీల్చుకుంటూనో, దాని పై నుంచో వస్తుంది. బీటన్, ఆన్సన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్తలు 1930లలో ఈ తేడాలను ఆరు రకాలుగా విభజించారు. నేటికీ అదే వర్గీకరణ వాడుకలో ఉంది.

కండరంలోంచి నరం దూరి వెళితే అది నలిగి నొప్పి పుట్టడం సహజమేనని ఎవరికైనా తోస్తుంది. చాలాకాలం వైద్యులు కూడా అలాగే అనుకున్నారు. అయితే 2010లో వెలువడిన ఒక సమీక్ష వేలాది మృతదేహాల పరిశీలనలను ఒకచోట చేర్చి చూస్తే, ఇలాంటి తేడా ఉన్నవారు సుమారు 17 శాతం ఉన్నారు. పిరిఫార్మిస్ సిండ్రోమ్‌కు శస్త్రచికిత్స చేయించుకున్న వారిలో లెక్కిస్తే సుమారు 16 శాతమే తేలారు. నిర్మాణంలోని తేడాయే జబ్బుకు కారణమైతే రెండో సంఖ్య మొదటిదానికన్నా చాలా పెద్దదిగా ఉండాలి. 2018లో ఎమ్మారై చిత్రాల ఆధారంగా జరిగిన మరో పరిశీలన కూడా ఆ తేడాకూ ఈ జబ్బుకూ సంబంధం కనిపించలేదనే చెప్పింది. కాబట్టి స్కాన్ నివేదికలో "నరం కండరం గుండా వెళుతోంది" అని రాసి ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం దొరికిందనుకోవడానికి లేదు.

సయాటికా లక్షణం, పిరిఫార్మిస్ సిండ్రోమ్ దానికి ఒక కారణం

సయాటికా అన్నది ఒక జబ్బు పేరుగా వాడుకలో స్థిరపడింది గానీ, నిజానికి అది లక్షణం పేరు: సయాటిక్ నరం వెళ్ళే దారి వెంట పాకే నొప్పి, మంట, తిమ్మిరి. ఆ లక్షణానికి కారణం ఎక్కువగా నడుములో ఉంటుంది. వెన్నుపూసల మధ్య డిస్క్ జారి నరం మూలాన్ని నొక్కడం అందులో ప్రధానమైనది. పిరుదు లోపల, అంటే నరం వెన్నెముకను దాటి వచ్చేశాక, పిరిఫార్మిస్ బిగుసుకుపోవడం వల్లనో వాచడం వల్లనో అదే నరం చికాకు పడితే దాన్ని పిరిఫార్మిస్ సిండ్రోమ్ అంటారు.

ఈ రెండు ఆలోచనల చరిత్ర ఆసక్తికరమైనది. 1928లో యోమన్ అనే బ్రిటిష్ వైద్యుడు సయాటికాకు పిరిఫార్మిస్ కండరంతో సంబంధం ఉండవచ్చని రాశాడు. 1934లో ఫ్రైబర్గ్, ఆయన సహచరుడు ఆ వాదాన్ని ముందుకు తీసుకెళ్ళారు. సరిగ్గా అదే ఏడాది మిక్స్టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ శస్త్రవైద్యులు డిస్క్ జారడం వల్ల సయాటికా వస్తుందని శస్త్రచికిత్స ఆధారాలతో చూపించారు. డిస్క్‌ను కోసి చూపించవచ్చు, తీసేస్తే చాలామందికి నొప్పి పోతుంది. అందువల్ల వైద్య ప్రపంచం చూపంతా అటు మళ్ళింది. 1947లో రాబిన్సన్ అనే వైద్యుడు పిరిఫార్మిస్ సిండ్రోమ్ అన్న పేరు పెట్టి ఆరు గుర్తులు చెప్పేనాటికే పిరుదులోని ఈ కండరం పక్కకు జరిగిపోయింది. అప్పటినుంచి ఇది "మరేదీ దొరకనప్పుడు" గుర్తుకొచ్చే జబ్బుగానే ఉంటూ వచ్చింది.

ఇటీవల మరో మాట కూడా వినిపిస్తోంది: డీప్ గ్లూటియల్ సిండ్రోమ్. పిరుదు లోతుల్లో నరాన్ని పట్టి ఉంచే పీచుపొరలు, పిరిఫార్మిస్‌కు కిందనున్న చిన్న కండరాలు, తొడ వెనక కండరాలు మొదలయ్యే చోటు, ఇవన్నీ నరాన్ని ఇబ్బంది పెట్టగలవు. పిరిఫార్మిస్ వాటిలో ఒకటి మాత్రమే. నాకు ఈ విశాలమైన పేరే నిజాయితీగా అనిపిస్తుంది, ఎందుకంటే నొప్పి ఏ ప్రాంతంలో పుడుతోందో చెబుతుందే తప్ప తెలియని దోషిని ముందే ఖరారు చేయదు.

నిర్ధారణ ఎందుకింత వివాదాస్పదం

విరిగిన ఎముకకు ఎక్స్‌రే ఉంది, మధుమేహానికి రక్తపరీక్ష ఉంది. పిరిఫార్మిస్ సిండ్రోమ్‌కు అలాంటి తిరుగులేని పరీక్ష ఒక్కటీ లేదు. వైద్యులు ఆధారపడేది కొన్ని గుర్తుల కలయిక మీద: పిరుదులో నొప్పి, ఎక్కువసేపు కూర్చుంటే అది పెరగడం, కటి ఎముక సందు ఉన్న చోట నొక్కితే నొప్పి, కండరాన్ని సాగదీసే భంగిమలో నొప్పి తిరిగి రావడం. ఆ భంగిమల్లో ఎక్కువగా వాడేది ఫెయిర్ పరీక్ష. తొడను మడిచి, శరీరం మధ్యగీత వైపుకు తెచ్చి, లోపలికి తిప్పుతారు. అలా చేస్తే పిరిఫార్మిస్ సాగి నరం మీద ఒత్తిడి పడుతుందన్నది దాని వెనకున్న ఊహ. అయితే అదే భంగిమలో తుంటి కీలు కూడా ఒత్తిడికి లోనవుతుంది, పక్కనున్న ఇతర కండరాలూ సాగుతాయి.

2003లో నరాల వైద్యానికి చెందిన ఒకే పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలను పక్కపక్కనే ప్రచురించింది. ఈ జబ్బును అవసరానికి మించి నిర్ధారిస్తున్నారని ఒకటి, చాలినంతగా గుర్తించడం లేదని మరొకటి. మొదటి పక్షం వాదన ఇది: నరం నిజంగా నలుగుతున్నట్టు శస్త్రచికిత్సలోనో విద్యుత్ పరీక్షల్లోనో రుజువైన కేసులు చాలా అరుదు, మిగిలినవన్నీ పిరుదు నొప్పికి తగిలించిన పేర్లు. రెండో పక్షం చెప్పేదేమిటంటే, వెతకనివారికి ఏదీ దొరకదు. ఫెయిర్ భంగిమలో నరం వేగాన్ని కొలిస్తే ఆలస్యం కనిపిస్తుంది, అలా గుర్తించినవారు తగిన చికిత్సతో బాగుపడుతున్నారు. ఇద్దరూ తాము చూసిన రోగులను బట్టే మాట్లాడుతున్నారన్నది గమనించాలి. 2005లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, కారణం తేలకుండానో చికిత్స ఫలించకుండానో మిగిలిపోయిన 239 మంది సయాటికా రోగుల్లో మూడింట రెండు వంతుల మందికి పిరిఫార్మిస్ సిండ్రోమ్ ఉన్నట్టు తేల్చారు. నడుము నొప్పి రోగులందరిలో వేసే అంచనాలు మాత్రం సాధారణంగా కొద్ది శాతానికి మించవు. ఈ రెండు సంఖ్యల మధ్య నిజంగా వైరుధ్యం లేదు. మొదటిది జల్లెడ పట్టాక మిగిలిన వారి లెక్క, రెండోది జల్లెడకు ముందు లెక్క. ఇంజెక్షన్ ఫలితాన్ని చదివేటప్పుడు ఈ తేడాయే అన్నిటికన్నా ముఖ్యమవుతుంది.

చూస్తూ సూది వేయడమంటే ఏం జరుగుతుంది

రోగిని బోర్లా పడుకోబెడతారు. కండరం చర్మానికి చాలా లోతున ఉంటుంది కాబట్టి కడుపు స్కానింగ్‌లో వాడే తరహాలో వంపు తిరిగిన, తక్కువ పౌనఃపున్యపు ప్రోబ్‌ను ఎంచుకుంటారు. దాన్ని త్రికాస్థి పక్కన ఆనించి మెల్లగా కిందికి జరుపుతూ పోతే, అంతవరకు తెర మీద తెల్లని గీతలా మెరిసిన ఎముక ఒకచోట హఠాత్తుగా తెగిపోతుంది. అదే కటి ఎముకలోని పెద్ద సందు. అక్కడ ఒకదాని మీద ఒకటిగా రెండు కండరాల పొరలు కనిపిస్తాయి: పైది గ్లూటియస్ మాక్సిమస్, కిందిది పిరిఫార్మిస్. కిందిది పిరిఫార్మిసేనని ఎలా నమ్మడం? సహాయకులు రోగి మోకాలిని మడిచి పాదాన్ని అటూ ఇటూ ఊపుతారు. తొడ తిరుగుతున్న కొద్దీ పై పొర దాదాపు కదలకుండా ఉండగా కింది పొర జారుతూ కనిపిస్తుంది. ఆ కదలికే దాని గుర్తింపు చీటీ. దాని అడుగున కోడిగుడ్డు ఆకారంలో మెరిసే సయాటిక్ నరాన్ని, రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ సాయంతో రక్తనాళాలను గుర్తించి, పొడవాటి సన్నని సూదిని దాని మొత్తం పొడవూ తెర మీద కనిపించేలా ఏటవాలుగా పంపుతారు. మందు వెళుతున్నప్పుడు కండరం పొరలు విచ్చుకోవడం కళ్ళముందే కనిపిస్తుంది.

అల్ట్రాసౌండ్ రాకముందు, వచ్చాక కూడా చాలాచోట్ల, ఎక్స్‌రే తరహాలో పనిచేసే ఫ్లోరోస్కోపీని వాడేవారు. అందులో కనిపించేది ఎముక మాత్రమే. కండరం ఎక్కడుందో, ఎక్స్‌రేలో కనిపించే కాంట్రాస్ట్ మందు పరుచుకున్న తీరును బట్టి ఊహించాలి. 2008లో మృతదేహాల మీద ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. ఒక్కో పద్ధతిలో 20 ఇంజెక్షన్లు ఇస్తే, అల్ట్రాసౌండ్‌తో 19 సరైన చోటికి చేరాయి, ఫ్లోరోస్కోపీతో 6 మాత్రమే చేరాయి. గురి తప్పిన వాటిలో ఎక్కువ భాగం పైనున్న గ్లూటియస్ మాక్సిమస్‌లోనే ఆగిపోయాయి.

ఇంత తేడా ఉంటే రోగుల ఉపశమనంలోనూ అంతే తేడా ఉండాలి కదా? 2014లో 28 మంది రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు అల్ట్రాసౌండ్‌తోనూ, మరో గుంపుకు ఫ్లోరోస్కోపీకి నరాల ఉద్దీపన యంత్రాన్ని (స్వల్ప విద్యుత్తుతో నరం ఎక్కడుందో తెలిపే సాధనాన్ని) జోడించీ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే, నొప్పి తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీనికి పలు వివరణలు సాధ్యమే. ఉద్దీపన యంత్రం తోడైతే ఫ్లోరోస్కోపీ గురి మెరుగుపడి ఉండవచ్చు. 28 మంది మీద చిన్న తేడాలు బయటపడకపోవచ్చు. లేదా మందు కండరంలో పడ్డా పక్కన పడ్డా కలిగే ఉపశమనంలో పెద్ద తేడా లేకపోవచ్చు. ఈ మూడో వివరణ కాస్త ఇబ్బంది పెట్టేదే అయినా దాన్ని పక్కన పెట్టకూడదు. గురి కుదరడం వేరు, రోగికి మేలు కలగడం వేరు.

అల్ట్రాసౌండ్‌కు ఉన్న హద్దులు కూడా చెప్పుకోవాలి. రేడియేషన్ లేదు, సూది కదలిక ఎప్పటికప్పుడు కనిపిస్తుంది, రక్తనాళాలను తప్పించుకోవచ్చు. ఇవి దాని బలాలు. కొవ్వు పొర మందంగా ఉన్నవారిలో బొమ్మ మసకబారుతుంది, నరం స్పష్టంగా కనిపించకపోవచ్చు, ఫలితం చూసేవారి అనుభవం మీద చాలా ఆధారపడుతుంది. అన్నిటికీ మించి, అది కండరాన్ని చూపిస్తుంది తప్ప నొప్పిని చూపించదు.

సిరంజిలోని మందులు, ఒక్కోదాని గడియారం

స్థానికంగా స్పర్శ తెలియకుండా చేసే మత్తుమందు, వాపును తగ్గించే స్టెరాయిడ్: చాలా సందర్భాల్లో సిరంజిలో ఉండేవి ఈ రెండూ కలిసి. ఇవి వేర్వేరు గడియారాల మీద నడుస్తాయి. లిడోకైన్ కొన్ని నిమిషాల్లో పనిచేయడం మొదలుపెట్టి గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. బుపివకైన్ కొంచెం ఆలస్యంగా మొదలై కొన్ని గంటలు నిలుస్తుంది. స్టెరాయిడ్ ప్రభావం సాధారణంగా రెండు మూడు రోజుల నుంచి వారం లోపు తెలియడం మొదలై వారాల తరబడి ఉండవచ్చు. కొందరికి వాడే బొటులినమ్ టాక్సిన్ కండరాన్ని సడలించే మందు. దాని పని తెలియడానికి రెండు వారాల దాకా పట్టవచ్చు, ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది.

కాబట్టి పరీక్షగా చూస్తే లెక్కలోకి వచ్చేది మొదటి కొన్ని గంటలే. చికిత్సగా చూస్తే లెక్కలోకి వచ్చేది ఆ తరువాతి వారాలు. రెండు వారాల తరువాత రోగిని పిలిచి "ఎలా ఉంది?" అని ఒక్క ప్రశ్న అడిగితే, పరీక్ష ఫలితం ఎవరూ చదవకుండానే చెరిగిపోయినట్టు లెక్క.

మోతాదు లెక్క కూడా కొంత చెప్పుకుంటే మేలు. 1 శాతం లిడోకైన్ అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. 3 మిల్లీలీటర్లు ఇస్తే 30 మిల్లీగ్రాములు. అడ్రినలిన్ కలపని లిడోకైన్‌కు పెద్దవారిలో సాధారణంగా చెప్పే హద్దు 300 మిల్లీగ్రాములు. అంటే 10 మిల్లీలీటర్లు ఇచ్చినా విషప్రభావపు భయం పెద్దగా లేదు. భయమంతా మరోచోట ఉంది: ద్రవం పెరిగినకొద్దీ అది కండరం పొర దాటి, ఆనుకుని ఉన్న సయాటిక్ నరాన్ని తడుపుతుంది. అప్పుడు మనం పరీక్షిస్తున్నది కండరాన్నా, నరాన్నా?

నొప్పి తగ్గితే జబ్బు ఖరారైనట్టేనా?

ఊహాజనితమైన నలుగురు రోగులను తీసుకుందాం. నలుగురికీ ఇంజెక్షన్‌కు ముందు నొప్పి పదికి ఏడు. మొదటి వ్యక్తికి అరగంటలో రెండుకు దిగింది, కాలిలో తిమ్మిరి లేదు, సాయంత్రానికి మళ్ళీ ఆరుకు పెరిగింది, నాలుగో రోజు నుంచి మూడు దగ్గర నిలిచింది. ఇది పరీక్షా ఫలించి, చికిత్సా ఫలించిన తీరు. రెండో వ్యక్తికి అరగంటలో రెండుకు దిగింది, మర్నాటికి ఏడుకు చేరి అక్కడే ఉండిపోయింది. ఈయన "ఇంజెక్షన్ పనిచేయలేదు" అంటారు. కానీ పరీక్షగా అది పనిచేసింది, నొప్పి మూలం ఆ ప్రాంతంలోనే ఉండవచ్చని సూచించింది. మూడో వ్యక్తికి ఆ రోజంతా ఏడుగానే ఉంది, వారానికి మూడుకు తగ్గింది. ఈయన "బాగా పనిచేసింది" అంటారు. అయితే మత్తుమందుకు లొంగని నొప్పి స్టెరాయిడ్‌కు తగ్గిందంటే, అది రక్తంలో కలిసి మరోచోటి వాపును తగ్గించి ఉండవచ్చు, లేదా నొప్పి దానంతట అదే తగ్గుముఖం పట్టి ఉండవచ్చు. నాలుగో వ్యక్తికి అరగంటలో నొప్పి పూర్తిగా పోయింది, దానితోపాటు పాదం మొద్దుబారి కాలు పట్టు తప్పింది. మందు నరాన్ని చేరిందని అర్థం. ఆ ఉపశమనం నుంచి కండరం గురించి ఏమీ తేల్చలేం.

నాలుగో సందర్భం ఎంత తప్పుదారి పట్టించగలదో 1996లో వెలువడిన ఒక పరిశోధన చక్కగా చూపింది. వెన్నెముక సమస్య వల్ల సయాటికా ఉన్నట్టు తేలిన 33 మందికి, వేర్వేరు చోట్ల మత్తుమందు ఇచ్చి చూశారు. జబ్బు మూలం వెన్నులో ఉన్నా, దానికి ఎంతో దిగువన సయాటిక్ నరానికి ఇచ్చిన మత్తుమందు సైతం ఎక్కువమందికి తాత్కాలికంగా నొప్పిని సగానికి పైగా తగ్గించింది. సూది తగిలిన చోటే నొప్పి పుట్టిన చోటని అనుకోవడం ఎంత సహజమో, అంత ప్రమాదకరం. దీనికి ప్లాసిబో ప్రభావం, అంటే మందు వల్ల కాక నమ్మకం వల్ల కలిగే ఉపశమనం కూడా తోడవుతుంది. తెర మీద సూదిని చూస్తూ, ఇంత శ్రద్ధగా చేసే ప్రక్రియ మీద రోగి పెట్టుకునే ఆశ తక్కువేమీ కాదు.

ఇప్పుడు జల్లెడ సంగతికి వద్దాం. లెక్క అర్థం కావడానికి మాత్రమే కొన్ని సంఖ్యలు అనుకుందాం: జబ్బు నిజంగా ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి ఇంజెక్షన్‌తో ఉపశమనం కలుగుతుంది, జబ్బు లేని పదిమందిలోనూ ముగ్గురికి ఏదో కారణంగా ఉపశమనం కలుగుతుంది. పిరుదు నొప్పి ఉందంటే చాలు ఇంజెక్షన్ ఇచ్చేచోట వందమందిలో పదిమందికే ఈ జబ్బు ఉందనుకుంటే, ఆ పదిమందిలో 9 మందికీ, మిగిలిన తొంభైమందిలో 27 మందికీ నొప్పి తగ్గుతుంది. మొత్తం 36 మంది. వారిలో జబ్బు నిజంగా ఉన్నది నాలుగోవంతు మందికే. అదే, నడుమును, తుంటి కీలును, త్రికాస్థి పక్క కీలును ముందే పరీక్షించి, గుర్తులన్నీ కలిసినవారికే ఇంజెక్షన్ ఇచ్చేచోట వందలో యాభైమందికి జబ్బు ఉందనుకుంటే, 45 మందికి నిజమైన ఉపశమనం, 15 మందికి తప్పుడు ఉపశమనం. ఇప్పుడు "తగ్గింది" అన్నవారిలో నాలుగింట మూడు వంతుల మందికి జబ్బు ఉన్నట్టే. సూది అదే, మందు అదే, చేసిన చెయ్యీ అదే. మారింది ఎవరికి ఇచ్చారన్నది మాత్రమే.

ఇదే లెక్కను "తగ్గలేదు" అన్నవారి వైపు నుంచి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. మొదటి చోట నొప్పి తగ్గనివారు 64 మంది. వారిలో జబ్బు ఉన్నది ఒక్కరికే. అంటే ఉపశమనం కలగకపోవడం చాలా గట్టి జవాబు, ఒక్క షరతు మీద: మందు కండరంలోకే వెళ్ళి ఉండాలి. గుడ్డిగా ఇచ్చిన సూది పై కండరంలో ఆగిపోయి ఉంటే "తగ్గలేదు" అన్న మాటకు విలువే ఉండదు. నా దృష్టిలో అల్ట్రాసౌండ్ చేసే అసలు మేలు ఇదే. అవునన్న జవాబును అది పెద్దగా బలపరచకపోవచ్చు గానీ, కాదన్న జవాబును నమ్మదగినదిగా చేస్తుంది. అవునన్న జవాబు నమ్మదగినది కావాలంటే తక్కువ ద్రవం, మొదటి గంటల్లో రాసిపెట్టిన నొప్పి లెక్క, కాలి స్పర్శనూ బలాన్నీ పరీక్షించడం కావాలి. వీటిలో ఏదీ యంత్రం చేసి పెట్టేది కాదు.

చికిత్సగా దాని బలమెంత

స్టెరాయిడ్ కలపడం వల్ల అదనపు మేలు ఉందా అన్నది 2015లో జరిగిన ఒక అధ్యయనం సూటిగా అడిగింది. రోగికీ ఫలితం కొలిచేవారికీ తెలియకుండా, అల్ట్రాసౌండ్ సాయంతో కొందరికి లిడోకైన్ మాత్రమే, కొందరికి స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చారు. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి. స్టెరాయిడ్ వల్ల ప్రత్యేకమైన లాభం కనిపించలేదు. బిగుసుకున్న కండరం కాసేపు సడలితే నొప్పి, బిగుతు ఒకదాన్నొకటి పెంచుకునే చక్రం తెగుతుందని కొందరు వివరిస్తారు. ఏ మందూ లేని ఉత్త సూది వేసిన గుంపు ఆ పోలికలో లేదు కాబట్టి, కాలం గడవడం వల్ల కలిగిన మేలెంతో విడదీయలేమని మరికొందరంటారు. రెండు మాటలూ సబబైనవే.

2002లో ప్రచురితమైన పదేళ్ళ అధ్యయనంలో, ఫెయిర్ పరీక్షతో గుర్తించిన రోగులకు ఇంజెక్షన్, ప్రత్యేకమైన ఫిజియోథెరపీ కలిపి ఇస్తే సుమారు 79 శాతం మందికి నొప్పి సగమో అంతకుమించో తగ్గింది. ఇది ఆశ కలిగించే సంఖ్యే. కానీ ఆ మేలులో సూది వాటా ఎంతో, వ్యాయామం వాటా ఎంతో ఆ అధ్యయనం నుంచి చెప్పడం కష్టం. చాలామంది నిపుణులు ఇంజెక్షన్‌ను వ్యాయామానికి దారి తెరిచే సాధనంగా చూస్తారు: సాగదీతకు కూడా వీలుకానంత నొప్పి ఉన్న మనిషికి ఆ కొన్ని వారాల ఊరట కండరాన్ని సాగదీయడానికీ, తుంటి చుట్టూ ఉన్న కండరాలను బలపరచుకోవడానికీ అవకాశమిస్తుంది. బొటులినమ్ టాక్సిన్‌కు అనుకూలంగా చిన్న అధ్యయనాలు ఉన్నాయి. వాటిని తూచి చూసిన సమీక్షలు ఆధారాల నాణ్యత తక్కువని చెప్పాయి. సెలైన్ లేదా డెక్స్ట్రోస్ ద్రావణంతో నరాన్ని చుట్టుపక్కల పొరల నుంచి విడదీసే హైడ్రోడిసెక్షన్ పద్ధతి ఈమధ్య ప్రాచుర్యంలోకి వస్తోంది గానీ, దాని వెనకున్న రుజువులు ఇంకా పలుచనివే.

ప్రమాదాలు

పెద్ద ప్రమాదాలు అరుదు. తరచుగా ఎదురయ్యేది కాలు కొన్ని గంటలపాటు మొద్దుబారి పట్టు తప్పడం. అందుకే ఇంజెక్షన్ అయిన వెంటనే ఒంటరిగా నడవడం, బండి నడపడం వద్దంటారు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, నరానికి దెబ్బ తగలడం సాధ్యమే. రక్తం పలచబడే మందులు వాడేవారి విషయంలో ముందుగానే ఆలోచించాల్సి ఉంటుంది. స్టెరాయిడ్ ఇస్తే మధుమేహం ఉన్నవారిలో చక్కెర కొన్ని రోజులు పెరగవచ్చు. ఇక మూత్రం, మలం మీద పట్టు పోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాలి బలం రోజురోజుకూ తగ్గడం వంటి లక్షణాలు ఉంటే అది ఈ ఇంజెక్షన్‌కు సంబంధించిన వ్యవహారమే కాదు. వెన్నులో నరాలు నలుగుతున్నాయేమోనని అత్యవసరంగా చూడాల్సిన పరిస్థితి.

ఫలితం రానప్పుడు

సరైన చోట పడిన ఇంజెక్షన్‌కు మొదటి గంటల్లో కూడా నొప్పి తగ్గకపోతే, అదే ఇంజెక్షన్‌ను మళ్ళీ ఇవ్వడం కన్నా ప్రశ్నను మార్చడం సబబు. నడుము చిత్రాలను తిరిగి చూడడం, త్రికాస్థి పక్క కీలును, తుంటి కీలును విడివిడిగా పరీక్షించడం, తొడ వెనక కండరాల మొదలును, పిరుదు లోతుల్లోని ఇతర కండరాలను అనుమానించడం అప్పుడు మొదలవుతుంది. మొదటి గంటల్లో తగ్గి, ఆ తరువాత ప్రతిసారీ తిరిగి వచ్చే నొప్పి సంగతి వేరు. అలాంటివారిలో, నెలల తరబడి ఫిజియోథెరపీ కూడా ఫలించనప్పుడు, పిరిఫార్మిస్ స్నాయువును కోసి నరాన్ని విడిపించే శస్త్రచికిత్స ప్రస్తావన వస్తుంది. ఆ నిర్ణయం తీసుకునే శస్త్రవైద్యుడు ముందుగా అడిగేది పాత ఇంజెక్షన్ నివేదికనే: ఎంత మందు ఇచ్చారు, ఎక్కడ పరుచుకుంది, అరగంటకు నొప్పి ఎంత, కాలిలో తిమ్మిరి ఉందా లేదా. "ఇంజెక్షన్ ఇచ్చాం, రోగికి కొంత మేలు" అని మాత్రమే రాసి ఉన్న కాగితం చేతికొస్తే, కత్తి పట్టేముందు ఆయన ఆ పరీక్షను మొదటినుంచి మళ్ళీ చేయించాల్సిందే.